చారన్నంలో ఇంగువ

ఇందిరాపురం నుంచి ఆసుపత్రికి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు నేను అడగలేదు. మా మనవరాలికి గోధుమ పడని జబ్బు. గోధుమ తగిలితే ఒళ్లే తన పేగుల మీద దాడి చేస్తుందనీ, పిల్ల కోపం, కేకలు అందువల్లేననీ డాక్టరు చెప్పారు. అమ్మాయీ అల్లుడూ ఏడు నెలలుగా ఇంట్లోకి ఆటా, అంటే గోధుమపిండి, రానివ్వలేదు. పిల్ల తిన్నదీ, చేసిన గొడవా నేను రోజూ నోట్‌బుక్కులో రాశాను. అయినా గుణం లేదు. మేమే చాటుగా ఏదో పెడుతున్నట్టు డాక్టరు మాట్లాడారు. ఆయన ముందు పరచాలని ఆ పుస్తకం తీసుకుని బయలుదేరాను.

బస్సులో దాన్ని తెరిచి చూసుకుంటుంటే ఆవిడ తొంగి చూసింది.

"మా పాపకీ ఇదే అంకుల్. చారులో ఇంగువ వేస్తారా?"

"వేయకపోతే అది చారెలా అవుతుందమ్మా?"

"డబ్బా మీద చదవండి. అందులో ఆటా కలుపుతారు. ఏడాదిపాటు నా చేత్తోనే పెట్టాను."

పేజీలు తిప్పాను. పిల్ల గొడవ చేసిన ప్రతి రోజుకూ ఎదురుగా నా దస్తూరీలోనే ఉంది: 'చారన్నం తప్ప ఏమీ పెట్టలేదు.' ఆవిడ మెల్లగా పుస్తకం మూసి నా చేతికిచ్చి, వైశాలి స్టాపులో దిగిపోయింది.

ఇంగువ మానేశాక కూడా పిల్ల కుదుటపడడానికి నెలలు పట్టింది. ఆ సాయంత్రం మాత్రం మా అమ్మాయి డబ్బా మీది అక్షరాలు చదివి, వంటింట్లో నేల మీదే కూర్చుండిపోయింది.

"రోజూ పోపు వేసింది నేనే కదా నాన్నా."

"వేయమన్నది నేను" అన్నాను.

నిజానికి ఆ ఇంట్లో వంట సంగతి నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.