నాలుగు గంటల సెంటు

సోమ, బుధ, శుక్రవారాల్లో నేను ఆడవాళ్ళ సెంటు పూసుకుంటాను. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆటోవాళ్ళకి తెలుసు. ఆదివారం చర్చిలో మగవాళ్ళ వైపు కూర్చునే ముసలివాళ్ళందరికీ తెలుసు. ఎందుకు పూసుకుంటానో మాత్రం ఎవరూ అడగలేదు. నవ్వడానికి ఉన్న తీరిక మనుషులకి అడగడానికి ఉండదు. అడక్కపోయినా చెప్పి తీరాలని రాస్తున్నాను.

నాది వడ్రంగం. కవిటి వైపు కొబ్బరితోటల మధ్య మా ఊరు. బడిలో రెండో తరగతి దాటలేదు. మిగిలిన చదువంతా పొట్లాల కాగితాల మీద, కలప దుంగలకు వేసే ముద్రల మీద, జీడిపప్పు డబ్బాల మీద చదువుకున్నదే. ఇంగ్లీషు అక్షరాలు కూడా అలాగే పట్టుకున్నాను. అందుకని ఏ డబ్బా చేతికొచ్చినా, అక్షరం ఎంత సన్నగా ఉన్నా, భూతద్దం పెట్టి చివరిదాకా చదివి గానీ వదలను. చదవకుండా కొనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

మా ఆవిడ నా మేనమామ కూతురు. మనవలు పుట్టినా నన్ను "బావా" అనే పిలుస్తుంది. కొన్నేళ్ళ కిందట ఆమె కిడ్నీలు మొరాయించాయి. మా వైపు ఇంటికొకరికి ఈ జబ్బే, ఈ మాట చెబితే ఎవరూ కళ్ళు పెద్దవి చేసుకోరు. "మీవి ఏ రోజులు?" అని అడుగుతారు, అంతే. మావి సోమ, బుధ, శుక్ర. ఆ మూడు రోజులూ ఆటోలో డయాలసిస్ సెంటర్‌కి వెళ్ళి, ఆమె నాలుగు గంటలు మిషను పక్కన మంచం మీద పడుకోవాలి.

సూదికి ఆమె భయపడదు. మిషను చప్పుడూ పట్టించుకోదు. ఆమెకి పడనిది ఆ గది వాసన. ఫినాయిలు, దాని కింద పులిసిన గంజిలాంటిది ఇంకేదో మందు వాసన. రెండో గంట దాటేసరికి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచి కూర్చునేది.

"సూదులు తీయించీ బావా. ఎల్లిపోదాం."

"ఇంకా గంటన్నర ఉందే."

"నువ్వు పడుకో ఆ గంటన్నర."

అలా మధ్యలో లేచి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. మర్నాటికి కాళ్ళు పొంగేవి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "నాలుగు గంటలూ పడుకుంటేనే ఫలితం. ఇలా మధ్యలో లేపి తీసుకుపోతే ఆవిడ ఎక్కువ రోజులు తట్టుకోలేదు," అని చెప్పాడు. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు. చెప్పినా ఆమె ముక్కు వింటుందా?

టెక్కలిలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఒకసారి విశాఖపట్నం వెళ్ళి, తల్లి కోసం ఒక సెంటు సీసా తెచ్చింది. ఆ గది వాసన తెలియకుండా ఇది రాసుకోమంది. కానీ జబ్బు వచ్చాక మా ఆవిడకి ఒళ్ళంతా దురద. చిన్న చుక్క ముంజేతి మీద వేసుకుంటే చీమలు పట్టినట్టయింది. సీసాని చీరల పెట్టెలో పెట్టేసింది. పెట్టేసిందన్న మాటే గానీ, రోజుకి నాలుగుసార్లు పెట్టె మూత ఎత్తి, మూత తీసిన సీసా ముక్కు దగ్గర పెట్టుకునేది.

ఒక సోమవారం పొద్దున్న నేను చొక్కా వేసుకుంటుంటే దగ్గరికి వచ్చి, ఆ సెంటు నా మెడ మీద బుస్సుమని కొట్టింది.

"ఏటే ఇది!"

"నా ఒంటికి పడదు గదా. నీ తోలు దున్నపోతు తోలు. నువ్వు పూసుకొని నా పక్కన కూకో. నాను వాసన సూత్తాను."

"ఇది ఆడోల సెంటు. డబ్బా మీద రాసుంది. సదివినాను."

"మా నాన్న తోటకాడి మొగలిపువ్వు నా జెడలోకి ఎవలు తెచ్చినారు?"

"నానే."

"అది మగదా, ఆడదా?"

సముద్రం ఒడ్డు వెంట మా వైపు మొగలిపొదలు కంచెలా ఉంటాయి. వాసనంతా మగ పొద పువ్వుదే. ఆడ పొదకి అనాసపండు లాంటి కాయ కాస్తుంది తప్ప, దాని పువ్వుని ఎవరూ ముక్కు దగ్గరికి తీసుకుపోరు. బరంపురం వైపు నుంచి అత్తరు బట్టీలవాళ్ళు వచ్చి కొనుక్కుపోయేది కూడా మగ పువ్వునే. మా ఆడవాళ్ళు తరతరాలుగా జడలో పెట్టుకున్నది, చీరల మడతల్లో దాచుకున్నది మగ పువ్వే. వాళ్ళని చూసి ఎవరూ నవ్వలేదు. మగవాడు ఆడ సెంటు పూసుకుంటే మాత్రం నవ్వాలట. ఎవడు పెట్టాడీ చట్టం? డబ్బాల మీద 'ఆడవాళ్ళకి', 'మగవాళ్ళకి' అని అచ్చు వేసేవాడు ఎప్పుడైనా అడవిలోకి వెళ్ళి చెట్టు వాసన చూశాడా?

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ రోజు ఆటో ఎక్కగానే కాలరు పైకెత్తుకున్నాను. ఆటో నడిపేవాడు అద్దంలోంచి చూసి, "తాతా, ఎవలింటికి పెల్లిసూపులు?" అన్నాడు. చేపల గంపతో ఎక్కిన ఒకావిడ అటూ ఇటూ వాసన పట్టి, అది నా దగ్గరిదని తేల్చుకుని, "ఓలమ్మో! ఈ ముసిలోడికి ఏటొచ్చీసిందే!" అంది. చేపల గంపవాళ్ళు నన్ను వాసన గురించి అనడమా! మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాక మా ఆవిడ సంచిలోంచి సీసా తీసి నా మెడ మీద ఇంకోసారి కొట్టింది. నేను కూడా వాసన పట్టడం మొదలుపెట్టాను. చేయడానికి ఇంకేం పని ఉంది? వడ్రంగికి ముక్కు సగం పనిముట్టు. చిత్రిక పడుతుంటే లేచే పొట్టు వాసనని బట్టి చెక్క ఏదో, ఎంత ఆరిందో చెప్పగలను. ఈ సెంటులో మొదట వచ్చింది నారింజ తొక్క గిల్లితే వచ్చే ఘాటు. అది పావుగంటలో పోయింది. తరవాత అప్పుడే చెక్కిన పెన్సిలు. దేవదారు పలకని ఎండలో పెడితే అలాగే ఉంటుంది, పొడిగా, కొంచెం కారంగా. ఆ తరవాత మెల్లగా తీపి ఎక్కింది, వెచ్చబడింది. పనస చెక్క చిత్రిక పట్టినప్పుడు పసుపుపచ్చటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుందే, అదీ. చర్చి బెంచీలు చేసినన్నాళ్ళూ నా ఒంటికి ఆ వాసనే ఉండేది. ఇక చివరికి వచ్చింది పాత పెట్టె వాసన. బట్టలు తీసేశాక, ఖాళీ పెట్టెలో తల దూరిస్తే చెక్క మీద మిగిలే వాసన. కొంచెం పాలు, కొంచెం మనిషి.

డబ్బా మీద గంధం అని రాశాడు. అది గంధం కాదు. అసలు గంధం ముక్క చేత్తో పట్టినవాణ్ణి, నాకు చెప్పక్కర్లేదు. కానీ బాగుంది. కోపం ఉన్నా నిజం నిజమే.

రెండో గంట దాటాక మా ఆవిడ కళ్ళు మూసుకునే అడిగింది. "ఇప్పుడేటి బావా?"

"పెన్సిలు పోతాంది. పనస వత్తాంది."

నా భుజం దగ్గరికి ముక్కు జరిపింది. "అవును. పనసే." "తరవాతేటొత్తాది?" అంది.

"తెల్దు. సూద్దాం."

తరవాత ఏమొస్తుందో చూడాలని ఆ రోజు ఆమె నాలుగు గంటలూ పడుకుంది. పెట్టె వాసన తగిలిన కాసేపటికి మిషను కీచుమంది.

అప్పటినుంచి అదే మా గడియారం. గోడకి ఉన్న గడియారాన్ని ఆమె నమ్మదు. చూస్తే నడవదట. "పెన్సిలు" అంటే ఇంకా చాలా ఉందని, "పనస" అంటే సగం దాటిందని, "పెట్టె" అంటే చెప్పులు వెతుక్కోమని. పక్క మంచం మీద పడుకునే కొబ్బరికాయల వ్యాపారికి కూడా ఇది అలవాటైపోయింది. "బావా, పెట్టి తెరిసినావా నేదా?" అని అక్కడినుంచే కేకేసేవాడు.

ఒకరోజు కొత్తగా వచ్చిన సిస్టరు, "తాతగారూ, ఇక్కడ సెంట్లు కొట్టకూడదు. ఎవరికైనా పడకపోతే?" అంది. నేను వాదనకి గొంతు సవరించుకున్నాను. మొగలిపువ్వు దగ్గర్నుంచి ఎత్తుకుందామనుకున్నాను. కానీ ఆ పిల్ల అన్నది సబబే. అందుకని వాదన మానేసి, ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్ళి అడిగాను. ఎవరూ వద్దనలేదు. కొబ్బరికాయలాయన అయితే, "ఈ గదిలో మనిసి వాసన మా బావొక్కడి కాడే ఉందమ్మా," అన్నాడు. ఇంటి దగ్గరే పూసుకుని రావాలని, సీసా లోపలికి తేకూడదని ఒప్పందం కుదిరింది. అలా నారింజ తొక్క ఆటోవాళ్ళ పాలైంది. మాకు పెన్సిలు నుంచి మొదలు.

చర్చిలో వేళాకోళం తప్పలేదు. శుక్రవారం సెంటు ఆదివారానికి కూడా చొక్కా కాలరులో కాస్త మిగిలేది. "మావా, నీ వాసన అటేపుది, నువ్వు ఇటేపు కూకున్నావేటి?" అని ఒక సంఘపెద్ద ఆడవాళ్ళ వరసలు చూపించాడు. ఆయన కూర్చున్న బెంచీ నేను చేసిందే. ఆ మాటే అన్నాను. ప్రసంగం సాగుతుంటే మా ఆవిడ అటువైపు నుంచి నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది. ఏ వాసన దాకా వచ్చిందని. పెట్టె ఎప్పుడో దాటిపోయిందని చెయ్యి ఊపాను. ఆ వరసంతా నవ్వింది.

సీసా అయిపోయింది. పలాస బజారులో ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి ఖాళీ డబ్బా చూపించాను.

"ఇది ఆడోలది మావా," అన్నాడు షాపాయన. "ఇది నేదు. ఇదే కంపెనీది మగోలది ఉంది. అదీ సెక్క వాసనే. మీకు ఇదే బాగుంతాది."

ఇక్కడ నా తప్పు నేను రాసుకోవాలి. డబ్బా మీద నల్లగా, పెద్ద అక్షరాలతో 'మగవాళ్ళకి' అని కనిపించేసరికి నా ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇక ఆటోలో ఎవరూ నవ్వరు కదా అనుకున్నాను. సన్న అక్షరాలు చదవలేదు. చదవకుండా కొనేవాళ్ళని తిట్టే నేనే చదవకుండా కొన్నాను.

బుధవారం పూసుకుంటే నిమ్మకాయ, ఇంజను ఆయిలు కలిపినట్టు గుప్పుమంది. ఆటోవాడు నవ్వలేదు, తుమ్మాడు. సెంటర్‌లో గంట గడిచింది. పెన్సిలు రాలేదు. ఇంకో గంట అయ్యేసరికి నా మెడ మీద నా చెమట తప్ప ఏమీ లేదు.

"ఏటుంది బావా?"

"ఏటీ నేదు."

"పెట్టి కూడా అయిపోనాదా?"

"అసలు రానేదు."

"అయితే తీయించీ. మన గడియారం అయిపోనాది."

సిస్టరు ఇంకా రెండు గంటలు ఉందని బతిమాలింది. నేను బతిమాలాను. కొబ్బరికాయలాయన కూడా, "అక్కా, ఈ పాలికి నా మాటినుకో," అన్నాడు. కానీ అప్పటికే ఫినాయిలు ఆమె ముక్కుకి తగిలేసింది. వాంతి చేసుకుంది. తీయించక తప్పలేదు.

మర్నాటికి పాదాలు పొంగిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ గుంట చూస్తుంటే నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది. నలుగురు నవ్వకూడదని నేను కొన్నది ఇదన్నమాట.

ఆమెని పక్కింటావిడకి అప్పగించి, ఆ గురువారమే బస్సెక్కి టెక్కలి వెళ్ళాను. మా అమ్మాయి ఆఫీసు వదిలాక ఇద్దరం షాపులు తిరిగాం. నాలుగో షాపులో అద్దాల వెనక అదే సీసా కనిపించింది. షాపులో పెళ్ళి సామాను కొనేవాళ్ళు నిండుగా ఉన్నారు. కౌంటరు దగ్గరున్నావిడ మా అమ్మాయి వైపు చూసి, "మీకేనా మేడమ్?" అని అడిగింది.

అమ్మాయి నోరు తెరిచేలోగా నేను చెప్పేశాను. "తనకి కాదమ్మా. నాకు."

"ఇది లేడీస్‌దండీ తాతగారూ."

"తెలుసు. లేడీస్‌దే కావాలి. పూసుకునేది నేనే."

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వుకోమన్నాను మనసులో. మా అమ్మాయి తల వంచుకుని ఉంది. సిగ్గుపడుతోందనుకుంటే, పిల్ల నవ్వాపుకోలేక భుజాలు ఊపుతోంది. "అమ్మ ఇక్కడుండాలి నాన్నా," అంది.

శుక్రవారం పొద్దున్న మెడకి రెండు వైపులా కొట్టుకున్నాను. ఆటోవాడు అద్దంలో చూసి, "తాతకి కళొచ్చీసింది!" అన్నాడు. "నీకేటిరా, రోజూ నారింజ తొక్క ఊరికే దొరుకుతాంది," అన్నాను.

సెంటర్‌లో పెన్సిలు వచ్చింది. వచ్చిందని చెప్పాను. కళ్ళు మూసుకునే తలాడించింది. పనస వచ్చింది. చెబుదామని చూస్తే నిద్రపోతోంది. మిషను పక్కన ఆమె నిద్రపోగా చూడటం నాకు అదే మొదటిసారి. ముక్కు నా భుజానికి ఆనుకుని ఉంది. స్టూలు మీద నా నడుం పట్టేసింది, అయినా కదల్లేదు. కొబ్బరికాయలాయన ఏదో కేకేయబోతే వేలు చూపించి ఆపాను. పెట్టె వాసన వచ్చి కూడా చాలాసేపయింది.

మిషను కీచుమంటే ఉలిక్కిపడి లేచింది.

"ఏటి, ఎంత అయినాది?"

"నాలుగూ అయిపోనాయి."

నమ్మలేదు. సిస్టరుని అడగలేదు, గోడ వైపు చూడలేదు. నా కాలరు పట్టుకుని ముందుకు లాగి వాసన చూసింది.

"అవును," అంది. "పెట్టే. నా సెప్పులేవి?"