బ్యాటరీలకు అంకె పెట్టినాయన

మా గూడెం సోలారు బ్యాటరీలకు చార్జింగ్ వోల్టేజీ సెట్ చేయడానికి కొండ కింద నుంచి వచ్చిన మెకానిక్ నోట ఒకటే మాట వినేదాన్ని: "మీకిది సాల్లే." వైరు పొట్టిదైనా, పెట్టెకు మూత లేకపోయినా అదే మాట.

అనంతగిరి పైనున్న మాకు కరెంటంటే ఆ బ్యాటరీలే. నా కూతురికి ఆయాసం. మందు ఆవిరి పట్టే మిషను వాటి మీదే నడవాలి. అందుకే బ్యాటరీలతో వచ్చిన పుస్తకం చదివాను. ఆయన అంకెను పధ్నాలుగు వోల్టుల దగ్గర ఆపగానే అడిగాను.

"చలి ప్రాంతాల్లో ఇంకా పెంచాలని పుస్తకంలో ఉంది సార్. లేకపోతే నిండవట."

"ఏటి సదివావమ్మా?"

"బీఎస్సీ."

"మరి ఉజ్జోగం సేసుకోక ఈటితో నీకేటి పని? వైజాగులో ఇదే పెడతన్నాం. మీకిది సాల్లే."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వేశాను.

ఆ చలికాలమంతా అరకొరగా నిండి బ్యాటరీలు పాడైపోయాయి. ఒక ఉదయం పాప ఆవిరి పీలుస్తుండగానే మిషను ఆగింది. పిల్లను వీపున కట్టుకుని ఆసుపత్రికి కొండ దిగాను.

కబురందుకుని గూడేనికి వచ్చిన మెకానిక్, కాగితం రాసి నా ముందుంచాడు. 'వాడకం తెలియక పాడుచేశారు' అని ఉంది.

"తప్పు మాది కాదు కదా సార్?"

"సెట్టింగు తప్పని రాత్తే ఎంక్వైరీ, ఆర్నెల్లు. ఇలా రాత్తే కొత్తవి బేగి వత్తాయి. సదువుకున్నదానివి, నువ్వే సంతకం ఎట్టు."

భుజం మీద పాప ఎగశ్వాస తీస్తోంది. సంతకం చేశాను.

"దస్తూరీ బాగుందమ్మా," అన్నాడాయన, కాగితం మడుస్తూ.