అక్క లేని ఏడుపు

మా ఊళ్లో ఎవరు పోయినా ఏడుపు ఎత్తుకునేది మా అక్కే. పత్తికొండ పక్కన పల్లె మాది. పోయిన మనిషి ఏం ఇష్టంగా తినేవాడు, ఎవరితో కొట్లాడేవాడు, తన ఎద్దును ఏమని పిలిచేవాడు, అన్నీ రాగం తీసి చెప్పి ఏడ్చేది. ఆమె మొదలుపెడితే గానీ మిగతా ఆడవాళ్లకు గొంతు పెగిలేది కాదు. నిన్ను చావింటికి మేళగాళ్లలాగా తాంబూలం ఇచ్చి పిలవాలని నేను ఎగతాళి చేసేదాన్ని. వీపు మీద ఒకటి చరిచేది.

అక్కను ఆ ఊళ్లోనే ఇచ్చారు. నన్ను మాత్రం మంగంపేట దాకా తెచ్చి ఇచ్చారు. నా భర్త ముగ్గురాయి గనుల్లో టిప్పర్ నడిపేవాడు. ఒకరోజు పొద్దున డ్యూటీకి పోతూ, గుండె పట్టుకొని రోడ్డు పక్కనే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

అక్కకు నేనే ఫోన్ చేశాను. ఆమె చేతిలోంచి బావ ఫోన్ తీసుకొని, నిన్ననే పెళ్లికి పసుపు దంచినామమ్మా అన్నాడు. అక్క కూతురి పెళ్లి. మా దిక్కు పసుపు దంచిన ఇంటివాళ్లు పెళ్లయ్యేదాకా చావింటి గడప తొక్కరు. పెళ్లింట్లో కంటతడి కూడా పెట్టకూడదు. నాకు తెలియని పద్ధతేం కాదు. తెలిసినంత మాత్రాన కడుపులో మంట తగ్గుతుందా?

ఆయన్ను ఎత్తేదాకా నేను వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను. అత్త ఏడ్చింది, ఆడబిడ్డ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరు మెడ పట్టుకొని ఏడ్చినా కట్టెలాగా నిలబడ్డాను. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదంటారు. ఏడవని ఆడదాన్ని ఏం చేయాలో సామెతలో లేదు కాబట్టి, వచ్చినవాళ్లు తలా ఒక మాట అనుకొని పోయారు.

పెళ్లి, మూడు నిద్రలు అన్నీ ముగిశాక అక్క వచ్చింది. వాకిట్లోంచే చేతులు చాచి రాగం ఎత్తుకుంది. నేను లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, బస్సులో సీటు దొరికిందా అని అడిగాను, దూరపు చుట్టాన్ని అడిగినట్టు. ఆమె రాగం సగంలో ఆగిపోయింది. నీళ్లు తాగింది, కాసేపు గోడకు ఆనుకొని కూర్చుంది, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

తర్వాత రెండేళ్లు మా ఇద్దరికీ ఫోన్లో మాటలంటే తిన్నావా, వానలు పడ్డాయా, అంతే. ఇరుగుపొరుగుతోనూ అంతే. నవ్వు రాకపోతే పోనీ, నాకు కోపం రావడం కూడా మానేసింది. నాలాంటి నోటిదురుసు మనిషికి కోపం రాలేదంటే సగం చచ్చినట్టే లెక్క.

మొన్న ఎండాకాలంలో అక్క కూతురూ అల్లుడూ తిరుపతికి పోతూ మా ఇంట్లో దిగారు. బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టాను. తింటూ తింటూ ఆ పిల్ల మామూలుగానే అంది.

"సిన్నాయన పోయిన పొద్దు మా యమ్మ టమాటా సేన్లోకి పోయి ఏడ్సిండె సిన్నమ్మా. ఇంట్లో ఏడ్సగూడదని మా అవ్వ కసిరితే, ఒగతే పోయి మాపటిదాంకా రాగం తీస్తా ఉండె. నేనే పోయి పిల్సుకొస్తి."

అక్క ఆ సంగతి నాకెన్నడూ చెప్పలేదు. వినగానే నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. రెండేళ్ల తర్వాత వచ్చిన కోపం. నా మొగుడి కోసం ఏడ్చిన ఏడుపు ఎవరూ వినకుండా చేను పాలు కావడమేంది? అది నా దగ్గర ఏడవాల్సింది. వాళ్లు తిరుపతి బస్సెక్కిన మర్నాడు నేను పత్తికొండ బస్సెక్కాను.

అక్క చేన్లో టమాటాలు కోస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తి, చెప్పకుండా వచ్చావేమని అడిగింది. గట్టు మీద కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"ఆ పొద్దు ఈడ ఏమని ఏడిస్తివో, అదంతా ఇప్పుడు నా ముందర ఏడువక్కా" అన్నాను.

ఏడుపు అడిగితే వచ్చేది కాదంది అక్క. మరిచిపోయానంది. గంప ఎత్తుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి పట్టుకొని ఎన్నాళ్లయిందో. వేళ్లన్నీ టమాటా పసరుతో నల్లబడి ఉన్నాయి. ఆమె ఏడుపు మామూలు మాటలాగే మొదలైంది, మెల్లగా రాగమైంది.

"డ్యూటీ దిగి దిగంగనే లారీ ఎక్కి మా ఇంటికి వస్తివే మరిదీ. తలకాయంతా ముగ్గురాయి దుమ్ముతో వస్తివే మరిదీ. ఏమప్పా, అప్పుడే ముసలోడివైతివని నవ్వితినే మరిదీ. ముసలితనం సూడకనే పోతివి గదా మరిదీ..."

ఆ రోజు నేనూ అక్క ఇంట్లోనే ఉన్నాను, నేనూ నవ్వాను. మరిచేపోయాను. ఇప్పుడు ఆ తెల్లటి తల నా కళ్ల ముందుకు వచ్చింది. పళ్లూడి, మంచంలో కూర్చొని, కూరలో ఉప్పెక్కువైందని నాతో గొడవకు దిగే మనిషి కనిపించాడు.

"నాకు ఆ ముసలోడే కావల్లక్కా" అన్నాను.

అక్క నా మెడ పట్టుకుంది. ఇద్దరం ఆ సాళ్లలోనే కూలబడ్డాం. ఆమె ఒక మాట అందిస్తే, దాని వెనక నేనొక మాట కలిపి, పొద్దు వాలేదాకా ఏడ్చాం. ఊరందరికీ ఆయన పోయి రెండేళ్లు దాటింది. నాకు మాత్రం ఆ రోజే పోయాడు.