పలక మీద గీసిన ఆరున్నర

మా చిన్నప్పుడు ఒక డిసెంబరు ముప్పై ఒకటిన మా వీధిలో ఎన్నిక జరిగింది. ఆ ఒక్కసారే... మళ్లీ జరగలేదు. పోటీ చేసింది రెండు టీవీ కార్యక్రమాలు.

ఊరు మార్కాపురం. మా వీధిలో టీవీలు ఇంకో రెండిళ్లలో కూడా ఉండేవి గానీ, జనం చేరేది పెద్దమ్మ వాళ్ల వసారాలోనే. పలకల పని అక్కడే జరిగేది మరి. కోసిన రాతి పలకలు ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. ఆడవాళ్లు వాటికి చెక్క చట్రాలు బిగించి, తడిగుడ్డతో దుమ్ము తుడిచి, డజను చొప్పున కట్టలు కడతారు. సాయంత్రానికి మా నాయన ఆటోలో వేసుకుపోతాడు.

సాయంత్రం ఆరున్నరకు ఒక ఛానల్లో సీరియల్. అదే ఆరున్నరకు ఇంకో ఛానల్లో తెలుగు మాట్లాడే జపాన్ బొమ్మల కథ. దాన్ని అనిమే అంటారని మాకు తెలీదు... "బొమ్మలు" అనేవాళ్లం, అంతే. అందులో ఒక పిల్ల గాలిపటం కట్టిన పడవెక్కి, తప్పిపోయిన వాళ్ల నాయన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. రోజుకో ఊరు.

రిమోటు కోసం రోజూ యుద్ధమే. చివరికి పెద్దమ్మకు విసుగొచ్చింది.

"రేపట్నించి కొత్త సంవత్సరం గదా. ఈ యాడాది ఏది బాగుందో అందరూ గీతలు గీయండి. దేనికి ఎక్కువొస్తే వచ్చే యాడాదంతా ఆరున్నర దానిదే. ఇంగ నా చెవి తినబాకండి."

ఒక కొత్త పలక తీసి నా చేతికిచ్చింది. అందరికీ చదువు రాదు కాబట్టి బొమ్మలు గీశాను. ఒక పక్క పడవ... ఇంకో పక్క ఒక కన్ను, దాని కింద నీటిబొట్టు. సీరియల్‌కి అంతకంటే గుర్తు ఏముంటుంది?

"ఓహో, మా సీరియల్ అంటే ఏడుపేనా పాపా?" అంది చట్రాలు బిగించే సుబ్బక్క.

"అందులో ఎవరన్నా నవ్వినప్పుడు చెప్పక్కా, మార్చి గీస్తా" అన్నాను.

పలకను లోపలి గదిలో పెట్టారు. ఒక్కొక్కరే వెళ్లి బలపంతో గీత గీసి రావాలి. ఎవరు దేనికి గీసిందీ చెప్పకూడదు. సీరియల్ వైపు పెద్దమ్మ, పలకల పనికి వచ్చే నలుగురు ఆడవాళ్లు... మొత్తం ఐదుగురు. పిల్లలం ఐదుగురం. మిగిలింది అవ్వ ఒక్కతే. అంటే మా నాయన వాళ్లమ్మ, పెద్దమ్మకు అత్త. సాయంత్రమంతా ఆడవాళ్ల మధ్యలో కూర్చుని పలకలు తుడిచే మనిషి. ఆమె గీత ఎటు పడుతుందో ఎవరూ అడగను కూడా అడగలేదు. నేను అప్పుడే ఓడిపోయినట్టు లెక్కేసుకున్నాను. పడవలో పిల్ల పోయి పోయి మంచుదేశం చేరింది అప్పటికి... ఇక ఏమవుతుందో నాకు తెలిసే దారి లేదు.

అవ్వ ఆఖరున వెళ్లింది. పలకను చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే నాయన ఆటో హారను కొట్టాడు. అందరూ కట్టల మీద పడ్డారు. లోడు వెళ్లాక పెద్దమ్మ చీర దులుపుకుని కూర్చుంది.

"అత్తా, ఆ పలక ఇట్లియ్యి. లెక్కబెడదాం."

"ఏ పలక?"

అవ్వ ఒళ్లో తడిగుడ్డ ఉంది. పలక లేదు. ఏళ్ల తరబడి చేతికొచ్చిన పలకనల్లా తుడిచి కట్టలో పెట్టిన చెయ్యి... దీన్నీ తుడిచింది, కట్టలో పెట్టింది. మా ఎన్నిక ఆటోలో గోడౌనుకు పోయింది.

అరుపులు, కేకలు. ఇక దాచేదేముందని ఎవరికి వాళ్లు బయటికే చెప్పేశారు. ఐదు. ఐదు. అందరూ అవ్వ వైపు తిరిగారు.

"చెప్పత్తా, నువ్వు దేనికి గీసినావు?"

"తుడిచేసినా గదా... ఇంగేంది చెప్పేది."

"అట్ల కాదు, చెప్పాల."

అవ్వ గుడ్డను మడిచింది, మళ్లీ విప్పింది. "పడవకే గీసినా" అంది.

సుబ్బక్క పగలబడి నవ్వింది. "ఈ వయసులో బొమ్మలేంది అత్తా!"

"మీ సీరియల్లో ఆ పిల్ల యాడాది నించి అదే గుమ్మంలో నిలబడి ఏడుస్తా ఉంది. ఈ పిల్ల చూడు, రోజుకో ఊరు పోతా ఉంది. నేను గిద్దలూరు దాటి యాడికన్నా పోయినానా?"

పెద్దమ్మ రిమోటు తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది.

ఆరున్నర మాదయింది. కానీ మూడు వారాలకే, మంచుదేశం దాటకుండానే, ఛానల్ వాళ్లు మళ్లీ మొదటి భాగం నుంచి వేయడం మొదలుపెట్టారు. ఎందుకో చెప్పినవాళ్లు లేరు. "దాని నాయన దొరకలేదా పాపా?" అని అవ్వ చాలా రోజులు అడిగింది...

నిన్న ఫోన్లో ఈ ఏడాది ఎక్కువమంది చూసిన అనిమేలు, సీరియళ్ల జాబితా వచ్చింది. నాలుగో స్థానంలో అదే కథ, కొత్తగా గీసినది. ఈసారి చివరిదాకా ఉంది. హాస్టల్ గదిలో నలుగురం, నాలుగు ఫోన్లు, చెవుల్లో వైర్లు. ఎవరితోనూ గొడవ పడకుండా చివరి భాగం చూసేశాను.

పొద్దున ఇంటికి ఫోన్ చేశాను. "అవ్వా, పడవలో పిల్లకి వాళ్ల నాయన దొరికినాడు."

అవ్వకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది. "దొరికినాడా... ఇంగ ఇంటికి పోయినారా?"

"ఆయన ఇంటికి పోయినాడు. ఆ పిల్ల మళ్లీ పడవెక్కింది."

"మంచిపని చేసింది" అంది అవ్వ.

ఇప్పుడు ఎవరి ఆరున్నర వాళ్ల చేతిలోనే ఉంది... గీత గీసి గెలుచుకోవాల్సిన పని లేదు, పక్కనున్న మనిషి ఏం చూడాలనుకుంటుందో తెలిసే దారీ లేదు. మీ ఇంట్లో ఆరున్నర ఎవరి చేతిలో ఉండేది? మీ వైపు గీత గీస్తారని మీరు అసలు అనుకోని మనిషి ఎవరైనా ఉన్నారా?