కార్డులో నేను ఎక్కించని ఫొటో

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే నేను అడిగే మొదటి మాట "ఫొటో ఉందా?" అనే. ఆ వెటకారం నా వృత్తి వల్ల వచ్చింది. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. చనిపోయిన తండ్రిని పెళ్ళికొడుకు పక్కన నిలబెట్టి ఫ్రేము కట్టివ్వమని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వస్తారు. కంప్యూటర్లో నిలబెట్టి ఇస్తాను. అలా ఎంతమందిని తెచ్చి నిలబెట్టానో నాకే గుర్తు లేదు. వాళ్ళలో ఒక్కరూ నా కలలోకి కూడా రాలేదు.

భక్తి కూడా నాకు అంతంత మాత్రమే. ఆదివారం చర్చికి వెళ్ళేది అమ్మ పోరు పడలేక. నేను ఎలాంటివాణ్ణో ముందే తెలిస్తే మంచిదని ఇదంతా చెబుతున్నాను.

స్టూడియోలో పని ఇద్దరిది. ఫొటోలు తీసేది మా అన్న ప్రేమ్‌దాస్. కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్ తయారు చేసేది నేను. ఒక ఇంటి పని పూర్తి కాగానే అన్న తన ఎడమ అరచేతిని కెమెరా ముందు పెట్టి ఒక ఫొటో కొట్టేవాడు. పెళ్ళిళ్ళ సీజన్లో పొద్దున మనూర్‌లో పెళ్ళి, సాయంత్రం సిర్గాపూర్‌లో రిసెప్షన్, రెండూ కెమెరాలో ఒకే మెమరీ కార్డులో ఉండేవి. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో నాకు తెలియాలి కదా. చెయ్యి కనిపించిందంటే ఆ పని అయిపోయినట్టు. నేను ఆ ఫొటోను అక్కడికక్కడే తీసిపారేసేవాణ్ణి. అందుకే కంప్యూటర్లో అలాంటిది ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. ఉంగరపు వేలికి పెళ్ళిలో వదిన తొడిగిన బంగారు ఉంగరం ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ వేలు లావెక్కి అది బిగుసుకుపోయింది, సబ్బు రాసినా కదిలేది కాదు. బొటనవేలి కింద పొడుగాటి మచ్చ. నిరుడు స్టూడియో షట్టర్ దించుతుంటే రేకు కోసుకుని కుట్లు పడ్డాయి. దాని గుర్తు అది.

ఇంటికి రాగానే అన్న చేసే పని ఇంకొకటి ఉంది. ఎంత అలసిపోయినా సరే, వదిన పక్కన కూర్చుని కెమెరా వెనక తెర మీద ఆ రోజు తీసినవన్నీ చూపించేవాడు. బటన్ వదినే నొక్కాలి. పెళ్ళికూతురి చీర మీద, లడ్డూ మీదే కన్ను పెట్టిన పెద్దాయన మీద ఏదో ఒకటి అనుకుని ఇద్దరూ నవ్వేవాళ్ళు. వాళ్ళకింకా పిల్లల్లేరు. అన్నం చల్లారిపోతోందని అమ్మ వంటింట్లోంచి తిడుతూ ఉండేది.

నాగల్‌గిద్ద వైపు ఒక ఊళ్ళో పెళ్ళి. కన్నడం మాట్లాడే కుటుంబం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫొటోలు తీస్తూ తీస్తూ అన్న ఛాతీ పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడట. వాళ్ళు జీపులో వేసుకుని దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం పోయింది. పెళ్ళికూతురి తండ్రి తన పనులన్నీ వదిలేసి వచ్చాడు. కెమెరాను కండువాలో చుట్టి నాకిచ్చి, నా చెయ్యి వదలకుండా ఏడ్చాడు.

శవపేటిక మూసే ముందు ఉంగరం దగ్గర గొడవైంది. వదిన దాన్ని చేతికే ఉండనివ్వమంది. వదిన వాళ్ళమ్మ ఒప్పుకోలేదు.

"బంగారం మట్టిల పెడ్తరా బిడ్డా? రేపు నీకు అక్కరకొస్తది," అంది.

పెద్దలంతా ఆమె మాటే సరైనదన్నారు. వదినను లోపలికి తీసుకెళ్ళాక మా మేనమామ కటింగ్ ప్లేయర్‌తో ఉంగరాన్ని కోసి తీశాడు. అన్న చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేనే. ఉంగరం ఉన్నచోట వేలి చుట్టూ తెల్లగా లోతైన గాడి పడి ఉంది. కోసిన ఉంగరం తెచ్చి చేతిలో పెడితే వదిన గుప్పిట మూసుకుంది, అంతే.

ఆ రోజు నుంచి ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. బతిమాలితే రెండు ముద్దలు తినేది. లేచి నడవాలంటే గోడ పట్టుకునేది. పాస్టరు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఏడవకపోతే ఈ పిల్ల మనకు దక్కదని అమ్మ నా దగ్గర ఏడ్చింది. నాక్కూడా ఆ భయం పట్టుకుంది. అన్న పోయాడు, కళ్ళముందే ఈమె కూడా పోతుందేమో అనిపించేది.

ఒక మధ్యాహ్నం వదిన తనంతట తానే స్టూడియోకు వచ్చింది.

"ఆ పెండ్లి ఫొటోలు చూపియ్యి తమ్మీ," అంది.

ప్రాణం లేచివచ్చింది. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాను. వద్దని తల ఊపింది.

"గిండ్ల వద్దు. కెమెరాల చూపియ్యి. మీ అన్న గట్లనే చూపిస్తుండె."

కెమెరా కార్డు అప్పటికే ఖాళీ. అన్నను పూడ్చిన మర్నాడే, ఆ పెళ్ళివాళ్ళ ఫొటోలు పోకూడదని కంప్యూటర్లోకి దించి, ఎప్పటిలాగే కార్డు తుడిచేశాను. ఇప్పుడు వాటిని మళ్ళీ కార్డులోకి ఎక్కించాలి. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అడగని పని అది. తోడిన నీళ్ళు మళ్ళీ బోరులో పోసినట్టు ఉంటుంది.

మొదటిసారి ఎక్కిస్తే కెమెరా ఫొటోలేవీ లేవని చూపించింది. నేను రంగులు సరిచేసి, పెళ్ళికూతురి పేరు పెట్టి దాచుకున్నవి ఎక్కించాను మరి. కెమెరా తను తీసినవి తను పెట్టిన పేరుతో ఉంటేనే గుర్తుపడుతుంది. మార్చినవాటిని చాలాసార్లు చూపించదు. అందుకని కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, అది కొత్తగా చేసుకున్న ఫోల్డర్లో నేను ముట్టుకోని అసలు ఫొటోలు వేశాను. ఈసారి వచ్చాయి. ఇంత విడమరిచి చెప్పడం ఎందుకంటే, ఆ కార్డులో పాతది ఏదీ మిగిలే వీలు లేదు.

ఆఖరి ఫొటో ఏదో నాకు ముందే తెలుసు. భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళు, ఫొటో వంకరగా పడింది. అన్న కూలబడక ముందు నొక్కింది అదే అయ్యుండాలి. దాని తర్వాత చెయ్యి ఫొటో లేదు. పని పూర్తి కానిదే ఎలా ఉంటుంది?

వదిన నా పక్క కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. ఒకచోట నవ్వబోయినట్టు పెదవి కదిలింది. బయట షేర్ ఆటోవాళ్ళు మనిషి మనిషినీ పిలుస్తున్నారు. వంకర ఫొటో వచ్చింది. ఇంకోసారి నొక్కితే తిరిగి మొదటి ఫొటో రావాలి.

అరచెయ్యి వచ్చింది.

తెర నిండా ఎడమ అరచెయ్యి. బొటనవేలి కింద కుట్ల మచ్చ. ఉంగరపు వేలికి ఉంగరం లేదు. అక్కడ తెల్లటి గాడి ఉంది. వేళ్ళ సందుల్లోంచి వెనక ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. చీకటి తప్ప ఏమీ లేదు.

మచ్చ పడింది నిరుడు. ఉంగరం పెళ్ళినాటి నుంచి వేలికే ఉంది. మచ్చ ఉండి ఉంగరం లేని చెయ్యి అన్నకు ఎప్పుడుంది? మేనమామ ఉంగరం కోసిన తర్వాత, శవపేటిక మూత పెట్టేదాకా. అంతకుముందు ఎప్పుడూ లేదు. అప్పుడు కెమెరా స్టూడియో బీరువాలో ఉంది, తాళం నా దగ్గర ఉంది.

వదిన భయపడలేదు. వేలితో ఆ గాడిని తడిమింది.

"ఉంగరం అడుగుతుండు," అంది మెల్లగా.

నేను కార్డు లాగి కంప్యూటర్లో పెట్టాను. చెయ్యి లేదు. వంకర ఫొటోయే ఆఖరిది. మళ్ళీ కెమెరాలో పెట్టాను. ఉంది. పిచ్చివాడిలా అటూ ఇటూ మార్చి మార్చి చూశాను. నా సెల్‌ఫోన్‌తో కెమెరా తెరను ఫొటో తీశాను. సెల్లులో తెర తెల్లగా మెరిసిపోయి ఏమీ తెలియలేదు. అది వెలుతురు వల్ల కావచ్చు, కాదనను.

మర్నాడు పొద్దున వదిన, అమ్మ, నేను సమాధుల తోటకు వెళ్ళాం. వదిన వాళ్ళమ్మకు చెప్పలేదు. సిలువ పక్కన మట్టిని వదిన చేత్తోనే తవ్వి, కొంగుముడి విప్పి, కోసిన ఉంగరాన్ని లోపల పెట్టి పూడ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను మాత్రం ఆ కెమెరా గురించే ఆలోచిస్తున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

అక్కడి నుంచి తిన్నగా స్టూడియోకు వచ్చాం. వదిన కెమెరా అడిగి తీసుకుంది. వంకర ఫొటో దాకా నొక్కుతూ వచ్చి ఆగింది. మళ్ళీ నొక్కింది. మామిడాకులు కట్టిన గుమ్మం వచ్చింది. అది పెళ్ళిలో తీసిన మొదటి ఫొటో. వదిన మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చూసింది. చెయ్యి లేదు.

అప్పుడు ఏడ్చింది. అంత పెద్దగా ఏడ్చిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. పక్కన చాయ్ కొట్టువాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అమ్మ వాళ్ళను ఆపి, ఏడవనివ్వండి, ఏడవనివ్వండి అంటూ తనూ ఏడ్చింది. నాకు కూడా గుండెలో బరువు దిగినట్టయింది. ఇక వదిన బతుకుతుందనుకున్నాను.

కాసేపటికి వదిన కెమెరాను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఉంగరమిచ్చి తప్పు చేసిన్నా తమ్మీ? ఇయ్యకుంటే ఈ కెమెరాలనే ఉండెటోడు గావచ్చు."

ఆ కార్డును నేను మళ్ళీ తుడవలేదు. తెలిసిన మెకానిక్కుకు కెమెరా చూపిస్తే దానికి ఏ రోగమూ లేదన్నాడు. దుఃఖంలో ఉన్న ఇద్దరం కలిసి లేనిది చూశామని ఎవరైనా అంటే నేను వాదించను. కానీ ఇద్దరికీ అదే మచ్చ, అదే గాడి ఎలా కనిపించాయో నాకు తెలియదు.

వదిన ఇప్పుడు తింటోంది, తిరుగుతోంది, అమ్మతో గొడవ కూడా పడుతోంది. ఒక్కోసారి మాత్రం అన్నం కలుపుతూ ఆగి అదే మాట నన్ను మళ్ళీ అడుగుతుంది. నేను కూర గిన్నె ఆమె వైపు జరుపుతాను.