బజర్ మోగినప్పుడు చూసిందెవరు

ఆమె పని డ్రైవింగ్ నేర్పడం. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించే ఉంచేది. అందుకని శిష్యులు చాటుగా బ్రేకమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసినా ఆమెకు కోపం రాలేదు. పైగా కొత్తవాళ్లు ఫోన్ చేస్తే, "ఆఁ, బ్రేకమ్మనే మాట్లాడుతున్నా" అనేది.

ఆమెను రోబో పోటీల్లోకి లాగింది ఆడపడుచు. ఆవిడ సైన్సు టీచరు. చుట్టుపక్కల బడుల పిల్లలకు ఏటా పోటీ పెట్టే బాధ్యత నెత్తినేసుకుంది. "నీకు చురుకైన కళ్లున్నాయి, మొహమాటం లేదు. రిఫరీకి ఇంకేం కావాలి వదినా" అని మొదటిసారి బతిమాలి తీసుకెళ్లింది. ఆ తర్వాత బతిమాలే పని పడలేదు. బ్రేకమ్మ పొయ్యి మీద పాలు పెట్టి రూల్సు చదువుతూ కూర్చునేది, పాలు పొంగిపోయేవి. కొన్నేళ్లకు ఆమెనే హెడ్ రిఫరీని చేశారు.

ఆ ఏడు ఫైనల్ సాయంత్రానికి గానీ మొదలవలేదు. పొద్దున కొలతల బల్ల దగ్గరే ఆలస్యమైంది. కొలత కోసం పెట్టిన పెట్టెలో పట్టని రోబోలను విప్పి, తగ్గించి, మళ్లీ కట్టించాల్సి వచ్చింది. పక్క గదుల్లో జడ్జీలు పిల్లల్ని కూర్చోబెట్టి, ఈ చెయ్యి ఇలా ఎందుకు కట్టారు, విరిగితే ఏం చేశారు అని అడుగుతుంటే, ఒక కోచ్ తనే జవాబులు చెప్పబోతే అతన్ని బయటికి పంపేశారు. అన్నీ దాటుకుని ఎర్ర జట్టు, నీలం జట్టు మిగిలాయి.

హాలు మధ్యలో మోకాలెత్తు గోడల బరి. రోబోలు కింద పడున్న రింగులు ఏరి బుట్టలో వేయాలి, చివర్లో ఎవరి వాలుబల్ల వాళ్లు ఎక్కాలి. బజర్ మోగే క్షణానికి చక్రాలన్నీ నేలను వదిలి ఉంటే ఎక్కినట్టు లెక్క. ఆ తర్వాత మోటార్లు ఆగి వెనక్కి జారినా పాయింట్లు పోవు.

రింగుల్లో రెండు జట్లూ సమానంగా వచ్చాయి. నీలం రోబో వాలుబల్ల మీదికి పాకుతోంది. ఎర్ర రోబో ఇంకా కిందే ఉంది, కంగారులో గోడకు గుద్దుకుని బ్రేకమ్మ వైపు ఒరిగింది. బయటికి పడితే ముందు వరసలో పిల్లలున్నారు. ఆమె ఇటు తిరిగింది. ఆమె కుడిపాదం దానంతటదే నేలను నొక్కింది. బజర్ మోగింది. మళ్లీ అటు చూసేసరికి నీలం రోబో వెనక చక్రం నేల మీద ఉంది. ఆమె చేతులు అడ్డంగా ఊపింది. ఎక్కనట్టు లెక్క. రింగుల్లో సమానమైతే ముందు బుట్ట నింపినవాళ్లదే గెలుపు కాబట్టి, ఎర్ర జట్టు ఎగిరి గంతులేసింది.

నేల మీద టేపుతో గీసిన గడి ఒకటుంది. అభ్యంతరం ఉంటే అందులోకి వచ్చి చెప్పాలి, అదీ పిల్లలే. నీలం జట్టు నుంచి రెండు జడల పిల్ల వచ్చి నిలబడింది. ఆ పిల్ల వెనకే వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని దూసుకొచ్చాడు.

"వీడియో ఉంది మేడమ్, చూడండి."

"వీడియోలు చూడకూడదండీ. మీరు గీత అవతలికి వెళ్లాలి."

"చూస్తే మీ సొమ్మేం పోతుంది?"

"నాన్నా, నువ్వు వెళ్లు" అంది పిల్ల, అతని వైపు తిరగకుండానే. తర్వాత బ్రేకమ్మను చూసి, "ఒక్కటే అడుగుతా మేడమ్. బజర్ మోగినప్పుడు మీరు మా చక్రం చూశారా?" అంది.

అవును అనేస్తే అయిపోయేది. బ్రేకమ్మ రెండో రిఫరీ వైపు చూసింది. మామూలప్పుడు మందుల షాపు నడిపే ఆ రిఫరీ తల అడ్డంగా ఊపాడు. అతనికి అప్పగించింది ఎర్ర వైపు.

"ఇక్కడే ఉండమ్మా" అని ఆడపడుచును పక్కకు పిలిచింది.

"నేను చూడలేదే. అటు తిరిగాను. తర్వాత చూసి ఊహించి చెప్పాను."

"ఇప్పుడా వదినా చెప్పేది? ఇంకాసేపట్లో హాలు ఖాళీ చేయాలి. బహుమతులిచ్చే పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు."

"ఎవరూ చూడకపోతే మళ్లీ ఆడించాలని రూలు."

"చూశానంటే సరిపోతుందిగా. నీ మాట కాదనేదెవరు?"

"అదేగా నాకొచ్చిన బాధ."

ఆడపడుచు ముఖం ఎర్రబడింది. కానీ మైకు అందించింది.

బ్రేకమ్మ చెప్పింది రెండు ముక్కలే. బజర్ సమయానికి తను చక్రాన్ని చూడలేదని, ఆట మళ్లీ ఆడాలని. హాలంతా గోల. ఎర్ర జట్టు పిల్లాడొకడు బరి గోడ పట్టుకుని, "మేం గెలిచాం కదా మేడమ్" అన్నాడు.

"గెలిచారేమో బాబూ. నేనే చూడకుండా చెప్పేశాను. తప్పు నాది, మీది కాదు."

బ్యాటరీలు మార్చారు. ఈసారి వాలుబల్లల దగ్గర రిఫరీలు చెరొకరు మోకాళ్ల మీద కూర్చున్నారు. కానీ నీలం జట్టు అంతదాకా రానే లేదు. నీలం రోబో చేతిలో రింగు అడ్డం పడి ఇరుక్కుంది. విడిపించడానికి అటూ ఇటూ ఊపుతుండగానే సమయం అయిపోయింది. ఎర్ర రోబో అప్పటికే తీరిగ్గా వాలుబల్ల ఎక్కేసింది.

రెండు జడల పిల్ల రోబోను ఎత్తుకుని, బ్రేకమ్మ ముందు నుంచే తల వంచుకుని వెళ్లిపోయింది. గెలిచిన జట్టు కోచ్ అందరితో చెయ్యి కలిపి, బ్రేకమ్మ దగ్గరికి రాగానే జేబులో పెట్టుకున్నాడు. నీలం పిల్ల నాన్న మాత్రం వదల్లేదు. బహుమతులయ్యాక ఫోన్ ముఖం ముందు పెట్టాడు. ఆట అయిపోయింది కాబట్టి ఆమె చూసింది. వీడియోలో బజర్ మోగే ముందు ఎవరో లేచి నిలబడ్డారు. తెర నిండా గళ్ల చొక్కా వీపు తప్ప ఇంకేం లేదు. అతనూ అప్పుడే సరిగ్గా చూసినట్టున్నాడు, ఫోన్ మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికెళ్లే దారంతా ఆడపడుచు కిటికీలోంచి బయటికే చూసింది.

"నాతో మాట్లాడవా?"

"మాట్లాడతా. ముందు కోపం తగ్గనీ."

తగ్గడానికి వారం పట్టింది. నిర్వాహకుల సమావేశంలో కొందరు బ్రేకమ్మను హెడ్ రిఫరీగా ఉంచొద్దన్నారు. ఆడపడుచు వాదించింది గానీ నెగ్గలేదు. ఆ మాట బ్రేకమ్మకు గుచ్చుకుంది. చివరికి, "సరే. ప్రతి వాలుబల్లకూ ఒక మనిషిని పెట్టండి. ఇంకేదీ చూడని మనిషిని. ఆ పని నాకివ్వండి" అంది.

మరుసటి ఏడు ఆమె నీలం వాలుబల్ల దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుంది. అటు ఏది కూలినా, ఎవరు అరిచినా తల తిప్పలేదు. సాయంత్రానికి మెడ బిగుసుకుపోయింది. ఆడపడుచు వెనక నిలబడి వేడినీళ్ల సంచి ఆనించింది.

"ఇక్కడా?"

"ఇంకాస్త కింద. ఆఁ, అక్కడ."