ఛాసీ మీద తేలిన అంకెలు

పదవీ విరమణకు ముందు ఏడాది వేసవిలో నన్ను నాచారం పారిశ్రామికవాడలోని ఒక షెడ్డుకు పంపారు. నేను ఫోరెన్సిక్ ల్యాబులో, చెరిపేసిన నంబర్లను పైకి తెచ్చే విభాగంలో సైంటిఫిక్ ఆఫీసర్ని. అక్కడున్నది పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇప్పుడు పేరుమోసిన ఒక కంపెనీ తొలినాళ్లలో చేసినది. మూతపడ్డ ఫ్యాక్టరీ సామాను వేలంలో మెకానిక్ సత్తయ్య దాన్ని కొని, ఏళ్లపాటు బాగుచేసుకున్నాడు. రిజిస్ట్రేషనుకు తీసుకెళ్తే ఛాసీ నంబరు కింద ఆకురాయి గీతలు కనిపించాయి. అసలు నంబరు అరగదీసి కొత్తది కొట్టాడని దొంగబండి కేసు పెట్టారు.

"గీకింది నేను గాదు సార్. నా శేతికొచ్చినప్పుడే గట్లున్నది," అన్నాడు సత్తయ్య. అది తేలకపోతే బండీ పోతుంది, తానూ జైలుకు పోతాడు.

ఇనుము మీద నంబరు కొడితే ఆ దెబ్బ లోతుకు దిగుతుంది. పైన అరగదీసినా లోపలి గాయం పోదు. నున్నగా రుద్ది ఆమ్ల ద్రావణం పూస్తే, గాయమైన చోట లోహం త్వరగా కరిగి అంకె తేలుతుంది. చూస్తుండగానే మాసిపోతుంది కూడా. అందుకే ఇద్దరం చూసి, ఒకరికొకరం చెప్పుకోకుండా విడివిడిగా రాసుకుంటాం. ఆ రోజు కొత్త నంబరు కింద పాత అంకెలు తేలాయి; నేను, నా జూనియర్ పద్మజ రాసినవి ఒకటే అయ్యాయి. "గా నంబరు మనల్నే సూస్తున్నట్టున్నది సార్," అంటూ సత్తయ్య వెనక్కి జరిగాడు.

ఆ అంకెలను బ్రిటన్‌లోని పాతకార్ల సంఘానికి పంపాం. కంపెనీ పెట్టినాయన మొదట్లో చేతిలో డబ్బు లేక, ప్రమాదాల్లో నుజ్జయిన చిన్నకార్లు కొని, పాత నంబరు గీకేసి, ఆ ఛాసీల మీదే స్పోర్ట్స్ కార్లు కట్టాడని జవాబొచ్చింది. రెండు నంబర్లూ వాళ్ల రికార్డులో జతగా ఉన్నాయి. సత్తయ్య తప్పు లేదని తేలింది. జవాబులో ఇంకో వాక్యం కూడా ఉంది: ఈ పాత నంబరున్న చిన్నకారు ప్రమాదంలో ఒక జంట చనిపోయింది.

సత్తయ్య రిపోర్టు చదివి వినిపించమంటే, ఆ వాక్యంతో సహా వినిపించాను. భార్యను ఆ బండిలో కీసర గుట్ట గుడికి తీసుకుపోవాలని ఆశపడ్డ మనిషి, ఆ వాక్యం మళ్లీ చదవమన్నాడు. జాలేసింది.

కొన్ని వారాలకు ఉప్పల్‌లో మా ఇంటికే వచ్చాడు. "రంగేసిన సార్. ఎండ పక్కకెల్లి వడితే గా నంబరే అవుపడుతున్నది. బయటికి తెచ్చింది మీరే. జర లోపటికి పంపున్రి."

ఆమ్లం తిన్న గుంటలు పలచటి రంగు కింద కనబడతాయి, అందులో వింతేమీ లేదని చెప్పాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. బండి మాత్రం షెడ్డు దాటలేదు.

అణిగిపోయిన నంబరును పైకి తేవడానికి మా దగ్గర పద్ధతులున్నాయి, తిరిగి లోపలికి పంపడానికి లేవు. ఆ తర్వాత చేసిన ప్రతి పరీక్షలోనూ, ద్రావణం పూసేముందే యజమానికి ఈ మాట చెప్పాను.